నాలుకకు అందని పొడి

మూలికల మందు మేలు చేస్తే చేస్తుంది, లేకుంటే ఊరుకుంటుంది, కీడు మాత్రం చేయదని ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అనుకుంటారు. ఈ మాటను ఎవరూ వాదించి నిరూపించరు. వాదించవలసిన అవసరం ఉన్నట్టు ఎవరికీ తోచదు. ఇంగ్లీషు మందు వేడి చేస్తుంది, కడుపు మండిస్తుంది. ఆకు, వేరు, బెరడు మన నేలలో మొలిచినవి కాబట్టి మనకు అపకారం చేయవు. మొలిచిన ప్రతిదీ మిత్రమే అయితే మేకలు ఉమ్మెత్త చెట్టును ఎందుకు తప్పించుకుని పోతాయని అడిగినవాడు లేడు. జిలాన్ బాషా కూడా ఆ మాటను నమ్మినవాడే. కాకపోతే అతడు ఊరికే నమ్మలేదు. నమ్మేముందు చేసే పరీక్ష ఒకటి అతని దగ్గర ఉండేది.

అతని మూలికల అంగడి బస్టాండు వెనక సందులో ఉంటుంది. లోపల మూడు గోడలకూ రేకు డబ్బాలు, ముందర గోనె సంచుల్లో కరక్కాయలు, కుంకుళ్ళు, శీకాయ. అతని తండ్రి గుట్టలెంట తిరిగి వేర్లు తవ్వి తెచ్చి అమ్మినవాడు. ఆ డబ్బాల మీద పేర్లు రాసే అలవాటు ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఏ డబ్బాలో ఏముందో మరిచిపోతే మూత తీసి, చిటికెడు నాలుక మీద వేసుకోవడమే. వస్తువు గుణమంతా దాని రుచిలోనే దాగి ఉంటుందని, తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరింటిలో ఏదీ పలకని పదార్థానికి ఒంట్లో చేసే పనేమీ ఉండదని తండ్రి అతనికి నేర్పిపోయాడు. అది ఆ ఇంటి చదువు మొత్తం. ఆ చదువు కోసం జిలాన్ బాషా బీడీ ముట్టలేదు, వక్కాకు నమలలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా ఉప్పూ కారమూ లేని సంగటి ముద్ద, చప్పటి మజ్జిగ తప్ప నోట పెట్టేవాడు కాదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి అతని నాలుక మీద ఊరికి గురి కుదిరింది. ఎక్కడెక్కడివో పొడులు, లేహ్యాలు తెచ్చి అతని ముందు పెట్టేవారు. అతడు నోరు పుక్కిలించి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మూలిక పేరూ అది నాలుక మీద విడివడిన వరసలో చెప్పేవాడు. కల్తీ ఉంటే కల్తీ అనేవాడు. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. తన అంగట్లో దొరకని సరుకు మంచిదైతే మంచిదని చెప్పడానికి వెనుకాడేవాడు కాదు. ఇంత నిజాయితీ అంగడివాళ్ళలో అరుదే. కానీ నిజాయితీపరుడి పొరపాటు మోసగాడి మోసం కంటే ఎక్కువ దూరం పోతుంది. మోసగాడి ముందు జనం తమ అనుమానాన్ని చేతిలో పట్టుకుని ఉంటారు, ఇతని ముందు దాన్ని కింద పెట్టేస్తారు.

బయమ్మ ఒక పచ్చరంగు మందు డబ్బాను తెచ్చింది రెండేళ్ళ కిందటి శ్రావణంలో. ఆమెది విడపనకల్లు మండలంలో ఒక పల్లె. ఆ ఏడు వేరుశనగ మొలిచింది, పూసింది, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఆమె భర్త కుళ్ళాయప్పకు ఆరెకరాల మెట్ట, ఇరవై దాకా గొర్రెలు ఉండేవి. పండగకో పబ్బానికో తాగే మనిషి మూడో బోరు కూడా దుమ్ము కక్కిన తరువాత రోజూ తాగడం మొదలుపెట్టాడు. బళ్ళారి వైపు నుంచి దొంగతనంగా వచ్చే మందు పాకెట్లు ఆ పల్లెలో పాలకంటే తేలిగ్గా దొరుకుతాయి. పొద్దున్నే చేతులు వణికితే ఒక పాకెట్టు, వణుకు తగ్గాక ఇంకొకటి. గొర్రెలు ఒక్కొక్కటే మందలో నుంచి మాయమవుతున్నాయి. బయమ్మ మొక్కులు మొక్కింది, మెడలో తాయెత్తు కట్టించింది, బిడ్డతో పుట్టింటికి పోయి నెల రోజులు ఉండి చూసింది. చివరికి పక్కింటివాళ్ళ ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. ఆ నంబరుకు ఫోను చేస్తే పోస్టులో డబ్బా వచ్చింది. పూర్తిగా మూలికలతో చేసినది, ఎటువంటి చెడు లక్షణాలూ ఉండవు, తాగేవారికి తెలియకుండా ఆహారంలో కలపవచ్చు అని దాని మీద తెలుగులోనే అచ్చువేసి ఉంది.

ఆమె డబ్బాను అంగడి పలక మీద పెట్టి, మూత తీయకుండానే నిలబడింది.

"సంగట్లో కలిపి పెట్టమని రాసినారు బాషన్నా. ఆయప్పకు తెలీకూడదంట. నాకు పాపం పుణ్యం తెలీదు. కడుపులోకి పోయేది ఏందో మాత్రం నువ్వు చూసి చెప్పు. పెట్టమంటే పెడతా, వద్దంటే పెంటదిబ్బలో ఏస్తా."

జిలాన్ బాషా పుక్కిలించి, చిటికెడు పొడి నాలుక కొసన వేసుకున్నాడు. మొదట నేలవేము చేదు వచ్చింది. దాని వెనకే తిప్పతీగ, తరువాత ఉసిరిక వగరు, పెన్నేరు గడ్డ వాసన, అన్నిటి చివర అతిమధురం. అయిదూ నికార్సయినవే, పురుగు పట్టనివే. అవి కరిగిపోయాక నాలుక మీద ఇంకేదో మిగిలింది. తెల్లగా, పొడిగా, సున్నంలా ఉండి సున్నపు మంట లేనిది. అతడు ఇంకొంచెంసేపు ఆగి చూశాడు. అది ఏ రుచీ పలకలేదు. తూకానికి గంజిపిండి కలిపి ఉంటారనుకుని ఉమ్మేశాడు.

"మూలికలు మంచివేమ్మా, పెట్టు" అన్నాడు.

తెలియకుండా పెట్టడం సబబేనా అని అతడు అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఆ ప్రాంతంలో తాగుడు మాన్పించే మందు ఏదైనా తెలియకుండా పెట్టడమే వాడుక. తాగేవాడిని మనిషిగా లెక్కపెట్టడం ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మానేసి ఉంటారు. పసిబిడ్డకు ఆముదం పట్టించినట్టు, గొర్రెకు గొట్టంతో మందు పోసినట్టు, ఆ ఒంట్లోకి ఏదో ఒకటి పంపితే చాలు. ఆ ఒంటిని మోసే మనిషితో సంప్రదింపు ఏమిటన్నది ఆ వాడుక వెనక ఉన్న ఆలోచన.

అయిదో రోజున కుళ్ళాయప్ప ఒక పాకెట్టు తాగి, మొహం కందగడ్డలా ఎర్రబడి, పేగులు బయటికి వచ్చేలా వాంతి చేసుకున్నాడు. బయమ్మ భయపడింది, తరువాత డబ్బాలోని కాగితం చదివించుకుని భయం మానుకుంది. తాగినప్పుడు వాంతి, ఆయాసం కలిగితే మందు పనిచేస్తున్నదని గుర్తు అని ఆ కాగితంలో ఉంది. మరుసటి వారం ఆమె అంగడికి వచ్చి, ఇప్పుడు ఆయన రోజు మార్చి రోజు తాగుతున్నాడని, తాగినా సగమే తాగుతున్నాడని, ఇంట్లో అరుపులు లేవని చెప్పింది. చెంగులో కట్టుకొచ్చిన ఉడికించిన శనక్కాయలు దాదాబీకి ఇచ్చిపోయింది. దాదాబీ జిలాన్ బాషా భార్య. ఆమెకు ఈ నాలుక వ్యవహారం మీద మొదటినుంచీ పెద్ద గౌరవం లేదు. నీ నాలుకకు ఊరందరి ఉప్పూ తెలుస్తాది, ఇంట్లో కూరకు ఉప్పు చాలలేదని మాత్రం తెలీదు అని దెప్పేది. ఆ రోజు మాత్రం ఆమె కూడా శనక్కాయలు ఒలిచి భర్త చేతిలో పెట్టింది.

ఆమె పేరు బయటపడకుండానే, బాషా మంచిదన్న పొడి ఒకటుందని మాట పాకింది. నెల తిరిగేలోపు ఇంకో నలుగురు ఆడవాళ్ళు డబ్బాలు తెప్పించుకున్నారు. నలుగురూ పొడిని అతనికి చూపించే వాడారు. వారిలో ఒకతె నందిని. ఉరవకొండలోనే ఉండే పెద్ద రైతు కుటుంబం కోడలు, భర్త విష్ణువర్ధన్ ట్రాక్టర్లు బాడుగకు తిప్పుతూ ఎన్నికల పనుల్లో తిరిగే మనిషి. ఆమె సాయంత్రాలు వీలు కాదని, పట్టపగలే ముసుగు కప్పుకుని వచ్చింది. ముంజేతి మీద పాత కాలిన మచ్చ ఉంది. జిలాన్ బాషా అది ఎలా అయిందని అడగలేదు. పొడి చూసి అదే మాట చెప్పాడు.

ఆ రోజుల్లోనే ఒక బుధవారం కుళ్ళాయప్ప స్వయంగా అంగడికి వచ్చాడు. ఒక గొర్రెకు కడుపు ఉబ్బింది, వాము, ఇంగువ కావాలన్నాడు. మనిషి చిక్కినా కళ్ళలో నవ్వు పోలేదు. అంగీ జేబులో నుంచి పాకెట్టు అంచు బయటికి లాగి చూపించాడు.

"ఏమప్పా బాషన్నా, ఊరందరి సరుకూ నాకి చూస్తావంట. నాది గూడా ఒక సుక్క చూసి చెప్పు, అసలుదో నకిలీదో."

"నీ సరుకుకు వేరే నాలుక కావల్ల."

"నా నాలుకే సెడిపోయిందిలే. మా బయమ్మ సంగటి సేదు కొడతాండాది. ఏందే అంటే రాగులు పాతవంటాది." కుళ్ళాయప్ప నవ్వు తగ్గించి ముందుకు వంగాడు. "ఒక మాట చెప్పన్నా. రెండు గుక్కలేస్తే చాలు, మొగం కాలిపోతాది, గుండె గుర్రం మాదిరి ఎగురుతాది. ముందు ఇట్ల లేదు. నాకేమన్నా రోగం తగులుకునిందా? నువ్వయితే నిజం చెప్తావు."

జిలాన్ బాషా వాము పొట్లం కడుతున్నాడు. దారం రెండు చుట్లు ఎక్కువ చుట్టాడు.

"పాత రాగులు చేదెక్కుతాయప్పా. తాగుడు ఆపమని నీ ఒళ్ళు చెప్తాండాది, విను."

అందులో రెండో వాక్యం తప్పు కాదు. మొదటిది అబద్ధమని అతనికి అప్పుడే తెలుసు. మంచికోసం ఆడిన అబద్ధమని సర్దుకున్నాడు. కుళ్ళాయప్ప చెప్పిన లక్షణాలు రోగి వైద్యుడికి చెప్పుకునే లక్షణాలని, అడగవలసిన మనిషిని వెతుక్కుంటూ అతడు సరైన చోటికే వచ్చాడని, ఇరవై రోజుల తరువాత గానీ జిలాన్ బాషాకు తెలియలేదు.

పక్క ఊళ్ళో దగ్గరి బంధువుకు పెద్దకర్మ జరిగింది. మాంసం, మందు రెండూ ఉన్నాయి. కుళ్ళాయప్ప అంతకు మూడు రోజుల ముందు నుంచీ తాగలేదు. ఆ పొద్దు బయమ్మ రోజూకంటే కొంచెం ఎక్కువే పొడి కలిపి పెట్టి పంపింది, నలుగురిలో మనసు జారకుండా ఉండాలని. అన్నదమ్ముల మధ్య కూర్చుని అతడు రెండు పాకెట్లు తాగాడు. పావుగంటలో మొహం, మెడ, ఛాతీ ఎర్రగా పొంగాయి. వాంతి చేసుకున్నాడు. తాగుబోతు వాంతి ఎవరికీ వింత కాదు, నీడలో పడుకోబెట్టారు. ఊపిరి అందడం లేదని సైగ చేసినప్పుడు ఆటో పిలిచారు. ఉరవకొండ చేరకముందే ఒళ్ళు చల్లబడింది. ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, ప్రాణం పోయిందని చెప్పి, ఈయన వేరే మందులేమైనా వాడేవాడా అని అడిగింది. అప్పటికి పరిగెత్తుకొచ్చిన బయమ్మ, పక్కన అత్త రామలక్ష్మమ్మ ఉండగా, లేదంది.

కుళ్ళాయప్పను మట్టి చేసే చోటికి జిలాన్ బాషా కూడా పోయాడు. తాగుడు మింగేసింది, ఇంకేముంది అని మగవాళ్ళు అనుకున్నారు. వాళ్ళలో కొందరి నోట ఆ వాసన అప్పుడే ఉంది. రామలక్ష్మమ్మ కొడుకు ఎట్లా ఎర్రబడ్డాడో, గుండె మీద ఎట్లా గుద్దుకున్నాడో వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెబుతోంది. ఆ వర్ణన జిలాన్ బాషా ముందే విన్నాడు, వాము పొట్లం కడుతూ. బయమ్మ అతని వైపు చూడలేదు.

అతని కూతురు నాజ్‌నీన్ అనంతపురంలో మందుల షాపులో ఫార్మసిస్టు. ఆదివారాలు ఇంటికి వస్తుంది. ఆ ఆదివారం తండ్రి ముద్ద ముట్టకుండా కూర్చోవడం చూసి కారణం అడిగింది. అతడు మొత్తం చెప్పాడు, రాగుల మాట కూడా దాచకుండా. ఆమె డబ్బాలోని కాగితం తెప్పించుకుని చదివింది. అది నందిని డబ్బాలోది.

"నాయనా, ఒకటి అడుగుతా. ఈ ఆకులు తాగని పొద్దు ఊరికే ఉంటాయి, తాగిన పొద్దు మాత్రం వాంతి చేయిస్తాయి. మనిషి తాగినాడా లేదా అని కనిపెట్టే ఆకు నీకు తెలిసినవాటిల్లో ఏదుంది?"

జిలాన్ బాషా మనసులోనే మూడు గోడల డబ్బాలూ వరసగా తెరిచాడు. వాంతి చేయించేవి ఉన్నాయి. అవి ఎవరికైనా చేయిస్తాయి. తాగేవాడికీ తాగనివాడికీ తేడా చూపించేది ఒక్కటీ దొరకలేదు. ఈ చిన్న ప్రశ్న ఇన్ని రోజులుగా తనకే తట్టి ఉండవలసింది. నాలుకతో జవాబు చెప్పడానికి అలవాటు పడిన మనిషి ప్రశ్న వేయడం మరిచిపోతాడు.

మరుసటి వారం నాజ్‌నీన్ ఒక మాత్ర తెచ్చింది. కాగితం మీద నలిపి తండ్రి ముందు పెట్టింది. అతడు పుక్కిలించి నాలుక మీద వేసుకున్నాడు. తెల్లగా, పొడిగా, సున్నంలా ఉండి సున్నపు మంట లేనిది. ఆరు రుచుల్లో ఏదీ కాదు.

"ఏమన్నా తెలిసిందా?" అంది దాదాబీ.

"ఇదే" అన్నాడు జిలాన్ బాషా.

నాజ్‌నీన్ నెమ్మదిగా వివరించింది. దాన్ని డైసల్ఫిరామ్ అంటారు. తాగుడు మాన్పించే డాక్టర్లు ఇచ్చేదే. గుండె, కాలేయం పరీక్షించి, ఇది వేసుకుని తాగితే ప్రాణం పోవచ్చని రోగికి చెప్పి, ఒప్పుకున్న తరువాతే ఇస్తారు. తెలిసినవాడికి ఆ భయమే కంచె. తెలియనివాడికి అది గడ్డి కప్పిన గుంత. మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో ఇటువంటివి కలుపుతారని ఆమె షాపులో విన్నది. ఈ డబ్బాలో అదే ఉందని తాను ప్రమాణం చేయలేనని, ప్రయోగశాల తప్ప ఎవరూ చెప్పలేరని కూడా అంది. ఇంకొకటి చెప్పింది. పొడి ఆపిన తరువాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఒంట్లో ఉంటుంది. కాబట్టి మిగిలిన నలుగురు ఆడవాళ్ళు గుట్టుగా ఆపేస్తే చాలదు. తాగే మగవాళ్ళకు చెప్పి తీరాలి.

పుట్టి బుద్ధెరిగి మద్యం వాసన కూడా దగ్గరికి రానివ్వని మనిషి తాగేవాడి ఒంట్లో మాత్రమే బయటపడే దాన్ని తూచబోయాడు. ఆ సంగతి అతని ముందు ఇప్పుడు నగ్నంగా నిలబడింది. చివరికి జిలాన్ బాషా అన్నాడు, "నేను మూడు దినాలు ఆ పొడి తిని, తాగి చూస్తా. అప్పుడు తెలుస్తాది."

దాదాబీ చెవులు మూసుకుంది.

"సచ్చి ఎవరికి చూపిస్తావు?" అంది నాజ్‌నీన్. "నీ నాలుక చెప్పిందని నమ్మి ఒకడు పోయినాడు. ఇప్పుడు నీ ఒళ్ళు చెప్పిందని నమ్మాల్నా? నీకు తెలీదని చెప్పు నాయనా. ఆ ఒక్కటీ ఎందుకు చెప్పలేవు?"

మాట కఠినమే. కానీ అందులో తండ్రి పట్ల కోపం లేదు, అందుకే అది లోపలికి దిగింది.

అతడు మూడు రోజులు తీసుకున్నాడు. మూడు రోజులు ఎక్కువే. ఆ నలుగురిలో ఎవడైనా ఆ మూడు రోజుల్లో పోయి ఉండవచ్చు, పోకపోవడం అతని గొప్ప కాదు. అతడు తేల్చుకోలేనిది బయమ్మ విషయం. ఆమెను ఎవరూ తప్పుపట్టడం లేదు. భర్తను తాగుడు చంపిందని ఊరు ఇచ్చిన తీర్పు ఆమెకు ఒక విధమైన ఆశ్రయం. నలుగురు మగవాళ్ళకు చెబితే ఆ మాట విడపనకల్లు చేరడానికి రెండు రోజులు పట్టదు. చెప్పకపోతే నాలుగు ప్రాణాలు దైవాధీనం. పోయినవాడికి నిజం వల్ల ఒరిగేది ఏమీ లేదు, బతికి ఉన్న ఆమెకు దాని వల్ల నరకమే. అయినా ఆమె బతుకు గురించిన నిజాన్ని ఆమెకు తెలియకుండా తానే దాచిపెట్టడం, కుళ్ళాయప్పకు తెలియకుండా సంగట్లో పొడి కలపడం కంటే ఏ విధంగా వేరని అతడు తనను తాను అడిగాడు. వేరు కనిపించలేదు. నాలుగో రోజు ఉదయం బస్సెక్కాడు.

బయమ్మ వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. రామలక్ష్మమ్మ గొర్రెల వెంట పోయింది. జిలాన్ బాషా గట్టు మీద కూర్చుని, తనకు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాడు. రాగుల మాట కూడా చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు. అతడు చెప్పడం అయిపోయాక కూడా కొన్ని కాయలు ఒలిచింది.

"తాగకుంటే బతికేటోడా?"

"బతికేటోడే. పొడి తింటాండానని తెలిసుంటే తాగేటోడు కాదేమో."

"మూడు దినాలు తాగకుండా ఉండినాడన్నా" అంది బయమ్మ. "ఆ పొద్దు నేనే ఒక చెంచా ఎక్కువేసినా."

జిలాన్ బాషా కింద రాలిన కాయలు ఏరి ఆమె ముందు పెట్టాడు.

"ఆ డబ్బా మట్టిలో పూడ్చిపెట్టినా. నాకు అనుమానమే లేదనుకున్న్యావా? ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగినప్పుడే నాకు తట్టింది." ఆమె మొదటిసారి తలెత్తింది. "పో, ఆ నాలుగిండ్లకూ పో. చెప్పు. నా పేరు మాత్రం యాడా ఎత్తొద్దు. మా అత్తకు తెలిస్తే నన్ను, నా బిడ్డను ఈ గడపలో ఉండనీదు. నీ నోటి మాట ఇనే ఇంత దూరం వచ్చింది బాషన్నా. ఇదొక్కటి నా మాట ఇను."

అతడు వింటానన్నాడు.

ఆ ఒక్క మాట మిగిలిన పనిని ఎంత కష్టం చేసిందో దారిలో తెలిసింది. ఒక మనిషి చనిపోయాడని చెప్పకుండా, చనిపోతారని నలుగురిని నమ్మించాలి. చూపించడానికి సాక్ష్యం లేదు, శవం లేదు. అతని దగ్గర మిగిలింది ఒక్కటే, ఇన్నేళ్ళూ తప్పు కాని తన మాట తప్పయిందని తానే చెప్పడం. మూడు ఇళ్ళలో అది చాలింది. నాలుక పోయిందా బాషా అని ఒకడు నవ్వాడు. ఒకడు డబ్బాను భార్య మీదికి విసిరాడు. ఒకడు ఏడ్చాడు. ముగ్గురికీ రెండు వారాలు చుక్క ముట్టవద్దని, వణుకు వస్తే అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలని నాజ్‌నీన్ చెప్పినట్టే చెప్పాడు.

నందిని మాత్రం ఒప్పుకోలేదు. అంగడికి పిలిపించి చెబితే ఆమె గొంతు పెంచకుండానే ఎదురు తిరిగింది.

"ఇరవై రెండు దినాలాయ నా మీద చెయ్యి పడక. నువ్వు చెప్పినా నేను ఆపను. తాగి సచ్చేది ఆయన ఇష్టం. తాగకుండా ఉంటే నేను బతుకుతాండా."

"ఆయనకు తెలీకుండా ఆయన ఇష్టం ఎట్లయితాదమ్మా?"

"ఆయన నన్ను అడిగి కొట్టినాడా?"

ఇది తర్కంలో ఓడిపోయే మాట కాదు. జిలాన్ బాషా దాన్ని ఓడించడానికి ప్రయత్నించలేదు. విష్ణువర్ధన్‌కు తానే చెబుతానని, ఆమెను రెండు రోజులు పుట్టింటికి పొమ్మని అన్నాడు. ఆమె అతన్ని ఒక బూతుమాట అని వెళ్ళిపోయింది. పుట్టింటికి మాత్రం పోయింది.

విష్ణువర్ధన్ ట్రాక్టర్ల షెడ్డులో ఉన్నాడు. జిలాన్ బాషా నిలబడే చెప్పాడు. పొడి మంచిదని చెప్పింది తానని, పెట్టమన్నది తానని, ఇంట్లోవాళ్ళు తన మాట మీద పెట్టారని చెప్పాడు. విష్ణువర్ధన్ లేచి అతని చెంప మీద కొట్టాడు. పక్కన ఇద్దరు డ్రైవర్లు చూస్తూ ఉన్నారు. జిలాన్ బాషా కింద పడిన టోపీ తీసుకుని, రెండు వారాలు తాగవద్దని మళ్ళీ చెప్పి, వచ్చేశాడు. విష్ణువర్ధన్ పదహారు రోజులు తాగలేదు. పదిహేడో రోజున తాగాడు. ఆ రాత్రి నందిని మీద చేయి పడిందని ఊళ్ళో చెప్పుకున్నారు. జిలాన్ బాషా చేసిన దానివల్ల ఒక ప్రాణం నిలిచి ఉండవచ్చు, ఒక ఆడదాని ఇరవై రెండు రోజుల నెమ్మది మాత్రం తప్పకుండా పోయింది. ఈ రెంటినీ ఒకే త్రాసులో వేయడం ఎవరికీ చేతకాదు.

తరువాత అతడు అనంతపురంలో మందుల తనిఖీ ఆఫీసుకు పోయి, ఆ మూడు ఇళ్ళలో ఒకరు ఇచ్చిన డబ్బాను అప్పగించి, కూతురి చేత రాయించిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. విప్పిన డబ్బా సాక్ష్యానికి పనికిరాదని, తామే కొత్తది తెప్పించి పరీక్షకు పంపుతామని అక్కడి అధికారి చెప్పాడు. దీనివల్ల ఎవరికైనా ప్రాణహాని జరిగిందా, జరిగితే పని త్వరగా కదులుతుందని అడిగాడు. జిలాన్ బాషా తనకు తెలియదన్నాడు. ఇంతవరకూ ఆ కాగితానికి జవాబు రాలేదు. ఆ ప్రకటన ఫోన్లలో ఇప్పటికీ వస్తూనే ఉంది, డబ్బా రంగు మాత్రం మారింది.

అతడు అంగడి మూయలేదు. కరక్కాయ, కుంకుడు, శొంఠి అమ్ముతున్నాడు. ఎవరైనా బయటి పొడి తెస్తే నోట పెట్టడు, అందులో ఏముందో తనకు తెలియదని చెప్పి తిప్పి పంపుతాడు. తాగుడు మాన్పించే మందు అడిగే ఆడవాళ్ళకు తాగేవాడిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి పొమ్మని చెబుతాడు. చాలామంది పోరు. ఆ ముగ్గురు మగవాళ్ళలో ఏడ్చినవాడు ఒక్కడు పోయాడు, అతనితో బస్సులో జిలాన్ బాషా కూడా పోయాడు. కుళ్ళాయప్ప ఎలా పోయాడో అతడు ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు, చెప్పవద్దని బయమ్మ అడిగింది కాబట్టి.